లీటరుకు తొమ్మిది

"తొమ్మిదన్నా" అన్నాడు సుబ్బన్, ట్యాంకు మూత బిగిస్తూ.

దేవరాజులు బంకు గోడవారకు పోయి తుపుక్కున ఉమ్మేసి వచ్చాడు. నాలుగు నెలలుగా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం జరుగుతున్న తంతు ఇది. ట్యాంకు నిండా డీజిల్ పోయించడం, వారమంతా తిరగడం, మళ్ళీ నిండా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించడం. ఆ అంకె సుబ్బన్ చెప్పడం, ఈయన ఉమ్మేయడం. అంకె ఒక్కసారన్నా పది దాటిన పాపాన పోలేదు.

"ఒళుంగా, సరిగ్గా చూసినావా?"

"రెండు తూర్లు చూసినానన్నా. తొమ్మిదే."

దేవరాజులు ఎడమ పక్క సీట్లోకి ఎక్కి తలుపు దబ్బున లాగాడు. అది దబ్బుమనలేదు, డబ్బా మూతలా టప్పుమంది. ఆ చప్పుడు కూడా ఆయనకు అసహ్యమే. పాత బండి తలుపు వేస్తే వీధంతా తెలిసేది.

చూలైలో చేపల దేవరాజులంటే తెలియనివాళ్ళు తక్కువ. వాళ్ళవాళ్ళు ఏ తాతల నాడు మద్రాసు చేరారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు గానీ, ఇంట్లో తెలుగు మాత్రం పోలేదు. తెల్లవారుజామున రాయపురం రేవుకు పోయి వేలంలో చేపలు పాడుకోవడం, ఐసు పెట్టెల్లో సర్దడం, చేపల వాసనకు ముక్కులు మూసుకునే సౌకార్‌పేట శాకాహారి సేట్ల వీధులు తప్పించి చుట్టూ తిరిగి వచ్చి చూలై, పురసవాక్కం, అయనావరం దుకాణాలకూ మెస్సులకూ చేరవేయడం, ఇదీ ఆ ఇంటి పని. మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి స్టీరింగు సుబ్బన్ చేతికిచ్చాడు. అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. సుబ్బన్‌ది రాయపురమే. మాట తక్కువ, పని ఎక్కువ. పంకజమ్మ చేతి అన్నం తినని రోజు లేదు.

పాత బండి పచ్చరంగుది. తుప్పు పట్టిపోయి, వెనక తలుపుకు తాడు కట్టుకుని, పొగ గొట్టంలోంచి కాకి రంగు పొగ వదులుతూ, లీటరుకు పన్నెండు ఇచ్చేది. ఇక దానికి కాగితాలు ఇచ్చేది లేదని ఆర్టీవో ఆఫీసువాళ్ళు కూర్చున్నారు. దేవరాజులు షోరూముకు పోయాడు. అక్కడ టై కట్టుకున్న ఒకతను ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాగితం కప్పులో కాఫీ ఇచ్చి, గోడ మీద పోస్టరు చూపించాడు. పదిహేడు. అంత పెద్ద అంకె ఆ గోడ మీద ఇంకోటి లేదు. "కొత్త టెక్నాలజీ సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. దేవరాజులు కళ్ళు మూసుకునే తీసుకున్నాడు. పచ్చబండిని తూకానికి వేసి, తెల్లబండిని ఇంటికి తెచ్చాడు. పైన పటారం, లోన లొటారం అని తెలియడానికి మొదటి శుక్రవారం దాకా ఆగాల్సివచ్చింది.

ఇక్కడ ఆ ఇంటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. లేకపోతే కథ ముందుకు పోదు.

దేవరాజులు తండ్రి జనార్దనం బతికున్న రోజుల్లో ఒకనాడు రేవులో బండి నిండా వంజరం చేపలు ఎక్కించి, టీ తాగుదామని ఇంజను ఆపాడు. టీ తాగి వచ్చేసరికి సెల్ఫు పని చేయలేదు. పదిమంది తోశారు, లాభం లేదు. మెకానిక్కు వచ్చేలోపల ఎండెక్కింది, ఐసు కరిగింది, పదింటికల్లా సరుకంతా కుళ్ళిపోయి రేవు రేవే కంపు కొట్టింది. పెద్ద పెద్ద హోటళ్ళు రెండు ఆ రోజుతో ఆ ఇంటి గడప దిగిపోయాయి. సాయంత్రం జనార్దనం బండి ముందు కర్పూరం వెలిగించి కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంటి ముందు నిమ్మకాయ తొక్కించి బయలుదేరిన బండి, బోణీ అయ్యేదాకా, అంటే మొదటి దుకాణంలో సరుకు దించి చేతిలో డబ్బు పడేదాకా, ఇంజను ఆపగూడదు.

అప్పట్నుంచి ఆపలేదు. తండ్రి పోయాడు, పచ్చబండికి కొత్త సెల్ఫు వచ్చింది, కొత్త బ్యాటరీ వచ్చింది, అయినా ఆపలేదు. వేలం గంట పట్టినా, సర్దడం ఇంకో గంట పట్టినా, రేవులో ఒక మూల గుడగుడలాడుతూ నిలబడి ఉండేది దేవరాజులు బండి ఒక్కటే. మిగతావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోనీ, వాళ్ళ నాయనలు వాళ్ళకు ఏమీ చెప్పి పోలేదు కాబోలు అనేవాడు దేవరాజులు.

తెల్లబండి వచ్చిన రెండో నెలలో ఒకరోజు ఆయన వేలం ముగించుకుని వచ్చేసరికి బండి చప్పుడు లేకుండా నిలబడి ఉంది. సుబ్బన్ ఐసు కొడుతున్నాడు.

"ఎవురు ఆపమన్నింది?"

"నేనేన్నా. సుమ్మానే, ఊరికే, రెండు గంటలు గుడగుడమంటా ఉంటే డీజిల్ తాగతాది గదన్నా. మొదటి సర్వీసుకి పోయినప్పుడు ఆడ పిలగాడు చెప్పినాడు. ఈ బండి నిలబెట్టి..."

"ఆ పిలగాడు మా నాయన కంటే ముందర పుట్టినాడా?"

సుబ్బన్ తల వంచుకున్నాడు.

"మా నాయన మాట ఉండాలంటే ఈడ ఉండు. లేదంటే ఆ పిలగాడి దగ్గరే పోయి పని చేసుకో. బోణీ కాకముందు బండి ఆపితే మైలేజీ ఎట్టా వస్తాది? అపశకునం పిలిచి పీట వేసినట్టు."

సుబ్బన్ ఐసు సుత్తి కింద పెట్టి, బండెక్కి, తాళంచెవి తిప్పాడు. మళ్ళీ ఎన్నడూ ఆపలేదు. ఆ ఆదివారం దేవరాజులు బండికి దిష్టి తీయించి బూడిద గుమ్మడికాయ పగలగొట్టించాడు. శుక్రవారం మళ్ళీ తొమ్మిదే వచ్చింది.

దేవరాజులు షోరూముకు మూడుసార్లు పోయాడు. మొదటిసారి ఏసీ గదిలో కూర్చోబెట్టారు. రెండోసారి బయట బెంచీ మీద. మూడోసారి ఆ టై కట్టుకున్నవాడు నిలబెట్టే మాట్లాడాడు. కాఫీ సంగతి దేవుడెరుగు, మనిషి ముఖం కూడా చూడలేదు, ఫోను చూసుకుంటూ చెప్పాడు.

"సార్, బండిలో ఏ లోపమూ లేదు. డ్రైవింగ్ హ్యాబిట్స్ సార్. అదంతా తోలేవాళ్ళను బట్టి ఉంటుంది."

"నా డ్రైవరు ఇరవై రెండేళ్ళుగా తోలతా ఉండాడు."

ఆ టై మనిషి ఫోను జేబులో పెట్టి, గొంతు తగ్గించి, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా ముందుకు వంగాడు. "అదే సార్ చెప్పేది. ఇరవై రెండేళ్ళు. ఇంత తేడా వస్తే డీజిల్ ఇంజనులోకి పోవడం లేదని అర్థం. డ్రైవర్ మీద ఓ కన్ను వేసి ఉంచండి."

దేవరాజులుకు వాణ్ణి చూస్తే ఒళ్ళు జలదరించింది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, బండి చేతగాక మనిషి మీద వేస్తున్నాడు. ఛీ, వీడూ ఒక మనిషేనా అనుకుంటూ బయటికి వచ్చాడు. వచ్చాడు గానీ, ఆ మాట మాత్రం ఆయన వెంటే వచ్చింది. అసహ్యపు మాటలకున్న గుణమే అది. విన్న చోట వదిలేసి రాలేం.

ఆ తర్వాత కనిపించేదల్లా వేరుగా కనిపించసాగింది. సుబ్బన్ చొక్కాకు డీజిల్ వాసన. ఏళ్ళ తరబడి ఉన్న వాసనే, కానీ ఇప్పుడు ముక్కుకు తగిలింది. సుబ్బన్ కూతురు శ్రీప్రియ కొత్త చెప్పులతో కాలేజీకి పోతూ ఎదురైంది. చెప్పులు. అరిగితే ఎవరైనా కొనుక్కునేవే. అయినా ఆయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. శుక్రవారం సుబ్బన్ "తొమ్మిదన్నా" అన్నప్పుడు ఆ గొంతులో వణుకు ఉందా అని వెతికాడు. వెతికేవాడికి దొరకనిది ఏముంటుంది, దొరికింది.

రాత్రి అన్నం దగ్గర పంకజమ్మతో అన్నాడు. "సుబ్బన్ డీజిల్ తీస్తా ఉండాడేమో."

ఆమె గరిటె పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆపింది. "ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

"దొంగ ఉంటే గదా పట్టేది. ఈ ఇంటి కంచంలో తిన్నోడు. నేను జబ్బు పడినప్పుడు ఆస్పత్రి మెట్లు ఎత్తుకుని ఎక్కించినోడు. ఆ మనిషిని అనే ముందర ఆ బండిని అమ్మేయండి. పీడ పోతాది."

"నీకేం తెలుసు మైలేజీ సంగతి."

"మైలేజీ తెలీదు. మనిషి తెలుసు" అంది పంకజమ్మ. చారు ఆయన అన్నంలో పోయకుండా గిన్నె పక్కనే పెట్టేసి లోపలికి పోయింది.

ఆ మాట అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది. ఆగలేదు. మరుసటి శుక్రవారం ఎనిమిదిన్నర వచ్చింది. శనివారం తెల్లవారింది. దేవరాజులు జేబులో పెద్ద కర్పూరం బిళ్ళ వేసుకుని రేవుకు పోయాడు.

వేలం అయింది. సరుకు ఎక్కింది. ఐసు అమ్మే ఆంటో అనే అతను, కూలీలు, గంపలు దించుకుంటున్న ఆడవాళ్ళు, అందరూ అక్కడే ఉన్నారు. బండి ఒక మూల గుడగుడలాడుతూ ఉంది. దేవరాజులు ఆంటో ఐసు పెట్టె మీద కూర్చుని సుబ్బన్‌ను పిలిచాడు.

"బండిలో డీజిల్ యాడికి పోతా ఉండాది సుబ్బా?"

"తెలీదన్నా. బండే తాగతా ఉండాది."

"బండి తాగతా ఉండాదా, మనిషి తాగతా ఉండాడా?"

సుబ్బన్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో రక్తం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపి తిరిగారు. దేవరాజులు కర్పూరం తీసి, ఒక రేకు మూత మీద పెట్టి, నేల మీదకు తోశాడు.

"అంటించి, ఆర్పి చెప్పు. నేను తీయలేదని చెప్పు."

ఆ రేవులో ఇంతకంటే పెద్ద కోర్టు లేదు. మండే కర్పూరాన్ని అరచేత్తో అదిమి ఆర్పి ప్రమాణం చేసినవాడి మాటకు తిరుగుండదు. కానీ అలా చేయమని అడిగించుకున్నవాడికి మళ్ళీ అక్కడ తలెత్తుకునే దారీ ఉండదు. అందుకే ఎవరూ తేలిగ్గా అడగరు. దేవరాజులు అడిగాడు.

సుబ్బన్ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత గొంతుక్కూర్చుని, అగ్గిపుల్ల గీసి, కర్పూరం అంటించాడు. పెద్ద బిళ్ళ అది, జానెడు మంట లేచింది. దాని మీద అరచెయ్యి పెట్టి అదిమాడు. పెదాలు కదిలాయి. ఏదో చెప్పాడు. బండి చప్పుడులో ఆ మాట ఎవరికీ వినబడలేదు, ఎదురుగా కూర్చున్న దేవరాజులుకు కూడా. మంట ఆరిపోయాక సుబ్బన్ లేచి, కాలిన చెయ్యి పొట్టకు ఆనించుకుని, వాళ్ళ మధ్య నుంచి గేటు వైపు నడిచిపోయాడు.

"ఏం చెప్పినాడు?" అని ఎవరో తమిళంలో అడిగారు.

"ఏమీ చెప్పలే. పెదాలు ఆడించినాడు అంతే" అన్నారు ఇంకెవరో.

ఆ రోజు నుంచి దేవరాజులే బండి తోలాడు. క్లచ్చు తొక్కినప్పుడల్లా ఎడమ మోకాలు ప్రాణం తీసింది. అయినా పళ్ళు బిగించి తోలాడు. ట్యాంకు మూతకు తాళం వేయించి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. శుక్రవారం బంకులో తానే భాగించాడు. తొమ్మిది. తప్పు భాగించాననుకుని మళ్ళీ భాగించాడు. తొమ్మిదే. రెండో వారం ఎనిమిదిన్నర.

ఆ ఎనిమిదిన్నర చూసి ఆయన ఉమ్మలేదు. నోరు ఎండిపోయింది. మొలలో తాళంచెవి చల్లగా తగిలింది. ఆ రాత్రి తెలిసిన సంగతి పంకజమ్మకూ ఆయనకూ మధ్య కంచం పక్కన కూర్చునే ఉంది.

మర్నాడు రేవుకు పోలేదు. నిమ్మకాయ తొక్కించి నేరుగా షోరూము పక్కనే ఉన్న సర్వీసు సెంటరుకు పోయాడు. ఎవరో ఒకర్ని కొట్టాలని ఉంది. టై కట్టుకున్నవాడు సెలవులో ఉన్నాడు. వాడి అదృష్టం. సాయి తేజ అనే ఒంగోలు కుర్రాడు ఎదురొచ్చాడు. నూనె మరకల చొక్కా, అలసిపోయిన ముఖం. తెలుగు వినబడగానే ఆ ముఖం వెలిగింది. బండికి కంప్యూటరు తగిలించి చాలాసేపు చూశాడు.

"సార్, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీరు రోజూ బండిని రెండు గంటలు నిలబెట్టి ఎందుకు ఆన్‌లో ఉంచుతున్నారు?"

"నీకెవురు చెప్పినారు?"

"బండే చెబుతుంది సార్. కొన్న రోజు నుంచీ ఇందులో ఉంది. రోజూ తిరిగేది నలభై కిలోమీటర్లు. నిలబడి మండేది రెండు గంటల పైన. మీరు తిరగడానికి మూడు లీటర్లు చాలు. ఇంకో లీటరున్నర పైనే బండి ఉన్నచోటే ఉండి తాగేస్తోంది."

"పాత బండి కూడా నిలబడేది. అది తాగలే."

"పాత బండిలో మసి అంతా బయటికి పోయేది సార్. దీనికి పొగగొట్టంలో జల్లెడలాంటి ఫిల్టరు ఉంది. రోడ్డు మీద పరిగెత్తితే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. నిలబెడితే పేరుకుపోతుంది. అప్పుడు దాన్ని కాల్చడానికి బండి మళ్ళీ డీజిల్ తాగుతుంది. తాగి మండీ, మండి తాగీ, ఇక అంతే."

కూర్చుని తింటే కొండలే కరుగుతాయి, నిలబడి తాగే బండికి ట్యాంకు ఒక లెక్కా. దేవరాజులు అక్కడి గోడ మీద కూడా ఉన్న ఆ పోస్టరు వైపు చెయ్యి చూపించాడు.

"అయితే ఆ పదిహేడు?"

సాయి తేజ ఇబ్బందిగా నవ్వాడు. "అది టెస్టింగులో వచ్చేది సార్. లోడు లేకుండా, ఖాళీ దారిలో. మీకు పద్నాలుగు వస్తుంది, ఖాయంగా. ఆపితే."

"లోడు లేకుండా తిప్పేదానికి నేనెందుకబ్బయా కొంటాను? చేపల్ని నడిచి రమ్మంటానా?" దేవరాజులు గొంతు లేచింది. "ఈ నిలబెట్టగూడదనే ముక్క నాకు ఒక్కడన్నా చెప్పినాడా?"

"బుక్కులో ఉంది సార్." ఆ బుక్కు ఇంగ్లీషులో రెండు వందల పేజీలు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఇంట్లో బీరువా మీద ఉంది. "అయినా చెప్పాం కదా సార్. మొదటి సర్వీసుకు మీ డ్రైవరుగారు వచ్చారు. మైలేజీ ఎందుకు రావట్లేదని గంటసేపు కూర్చుని అడిగారు. నేనే చెప్పాను. మర్చిపోతానేమోనని చిన్న కాగితం మీద రాయించుకున్నారు కూడా. మీకు చెప్పలేదా?"

సుబ్బన్ చెప్పకపోవడమేం, చెప్పాడు. ఐసు సుత్తి చేతిలో పట్టుకుని చెప్పాడు. సగంలోనే ఆపించినది ఎవరో దేవరాజులుకు బాగా తెలుసు.

సర్వీసు సెంటరు నుంచి ఎట్లా తోలుకొచ్చాడో గుర్తులేదు. రాయపురంలో సుబ్బన్ ఉండే సందు మొదట్లో బండి నిలిపి లోపలికి నడిచాడు. సుబ్బన్ గడప మీద కూర్చుని వల దారం చుడుతున్నాడు. కుడి అరచేతిలో రూపాయి బిళ్ళంత మచ్చ, అంచులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. దేవరాజులును చూసి లేచి నిలబడ్డాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"సుబ్బా, తప్పయిపోయింది. బండి నిలబడి తాగతా ఉండాది. సర్వీసులో ఇప్పుడు చెప్పినారు. నువ్వు ముందరే చెప్పినావు, నేనే..."

సుబ్బన్ వినడం లేదు. సందు మొదటి వైపు చెవి పెట్టి ఉన్నాడు.

"బండి ఆపలేదా అన్నా?" అన్నాడు మెల్లగా.

దేవరాజులుకూ అప్పుడు వినబడింది. గుడగుడ. ఆ రోజు బోణీ కాలేదు కదా, దిగేటప్పుడు చెయ్యి తాళంచెవి మీదకే పోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు. క్షమాపణ చెప్పుకోవడానికి కూడా ఇంజను ఆపకుండానే వచ్చాడు. తన మీద తనకు ఎంత రోత పుట్టిందంటే, అక్కడే గోడకు తల కొట్టుకోవాలనిపించింది. గబగబా పోయి ఆపి, తాళంచెవి తెచ్చి సుబ్బన్ ముందు పెట్టాడు.

సుబ్బన్ దాన్ని తాకలేదు.

"తెలిసి తెలిసీ తోలినానన్నా. తాగతా ఉండాదని తెలుసు. మీ నాయన మాటన్నారు, మీ మాట నేను తప్పలే. అంతే."

"అందుకే అడగతా ఉండాను. రా."

"నాతో చెప్పి ఏం లాభమన్నా? నేను తీయలేదని నాకు తెలుసు గదా. ఆడ చెప్పండి. యాడ ఆర్పించినారో, ఆడ."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోవడానికి అయినా ఒక చోటంటూ ఉంది కదా, రేపే పోయి చెబుతానని దేవరాజులు అనుకున్నాడు. అనుకున్నాడు, అంతే. ఆదివారం జనం ఎక్కువగా ఉన్నారు. సోమవారం జనం తక్కువగా ఉన్నారు. మంగళవారం ఆంటో రాలేదు. బుధవారం నోరు తెరిచి వంజరం ధర అడిగి ఊరుకున్నాడు. నలుగురిలో మనిషిని దొంగ అనడానికి ఒక నిమిషం పట్టింది, కాదనడానికి వారమైనా చాలలేదు. పిరికి సన్నాసి అని తనను తానే తిట్టుకున్నాడు. ఒక్కటి మాత్రం చేశాడు. రేవులో బండి దిగగానే ఇంజను ఆపాడు. తండ్రి పటానికి దండం పెట్టుకునే ఆపాడు.

శుక్రవారం భాగిస్తే పద్నాలుగు వచ్చింది. అయిదు నెలలు ఎదురుచూసిన అంకె. చెప్పడానికి బండిలో ఇంకో మనిషి లేడు.

శనివారం రేవులో ఆంటో ఐసు కొడుతూ అడిగాడు, బండి ఇప్పుడెంత ఇస్తోందని. దేవరాజులు ఆలోచించకుండా నిజం చెప్పేశాడు. పద్నాలుగు.

ఆంటో సుత్తి కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. "చూసినారా," అన్నాడు అందరికీ వినబడేలా తమిళంలో, "దొంగ పోయినాడు, మైలేజీ వచ్చింది. అప్పుడే చెప్పినా, వాడు పెదాలు ఆడించినాడే గానీ ప్రమాణం చేయలేదని."

కూలీలు నవ్వారు. గంపల దగ్గర ఆడవాళ్ళు తలలాడించారు. ఇరవై రెండేళ్ళు తిన్న ఇంటికే కన్నం వేశాడా అంది ఒకామె.  ఇంజను ఆపి సాధించిన పద్నాలుగు సుబ్బన్ మెడకు ఉచ్చులా బిగుసుకుంది. వారం ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

"అది కాదు," అన్నాడు దేవరాజులు. "సుబ్బన్ తీయలే. బండిని నిలబెట్టి ఆడిస్తే తాగతాది. నేనే ఆడించినాను. ఇప్పుడు ఆపతా ఉండాను, అందుకే వచ్చింది."

"యజమానిది పెద్ద మనసు," అన్నాడు ఆంటో. "దొంగను కూడా కాపాడతాడు."

మళ్ళీ నవ్వారు. దేవరాజులు బండి దగ్గరికి పోయి, అద్దం ముందు వినాయకుడి దగ్గర పెట్టుకునే కర్పూరమంతా గుప్పిట పట్టి తెచ్చాడు. అదే రేకు మూత మీద కుప్ప పోశాడు. మోకాళ్ళు కరకరలాడుతుండగా నేల మీద కూర్చుని అంటించాడు. నవ్వులు ఆగిపోయాయి. బండి ఆగి ఉంది గనక ఆ మూలంతా నిశ్శబ్దంగా ఉంది.

"ఈ బండి డీజిల్ సుబ్బన్ ఒక్క చుక్క తీయలే," అన్నాడు తమిళంలో, ఒక్కొక్క మాటా విడివిడిగా. "తాగబెట్టినోణ్ణి నేను. వద్దని చెప్పింది సుబ్బన్. చెప్పిన నోరు మూయించింది నేను."

అరచెయ్యి పెట్టి అదిమాడు. పెద్ద మంట, వెంటనే ఆరలేదు. ఆరేదాకా తీయలేదు. ఆంటో "అయ్యో అన్నా" అంటూ పరిగెత్తుకొచ్చి, పెట్టె మూత తెరిచి, పిడికెడు ఐసు తీసి ఆయన చేతిలో పెట్టి మూసి పట్టుకున్నాడు. ఎవరో నీళ్ళు తెచ్చారు. ఎవరో తడి గుడ్డ తెచ్చారు. మంట కాస్త తగ్గుతుండగా దేవరాజులు ఆ తెరిచిన ఐసు పెట్టె వైపు చూశాడు.

ఆ రోజు సుబ్బన్ కాలిన చేత్తో ఇదే పెట్టె పక్కనుంచి నడిచిపోయాడు. ఎవరూ ఒక్క ఐసు ముక్క ఇవ్వలేదు. ఇవ్వాలంటే మూత తెరవాలి. ఆ మూత మీద తను కూర్చుని ఉన్నాడు.